గోడలు చదువుకుంటూ ఒక నడక: చార్మినార్ నుంచి ఛత్తా బజార్ దాకా

ఇంట్లో షాదీ కుదిరిందంటే చాలా కుటుంబాలకు ముందు గుర్తొచ్చేవి రెండు చోట్లు: లాడ్ బజార్, ఛత్తా బజార్. ఒకచోట గాజులు, ఇంకోచోట రుఖాలు. హైదరాబాద్ వాళ్లే కాదు, జిల్లాల నుంచి కూడా బస్సెక్కి వస్తారు. పని చూసుకుని, ఇరానీ చాయ్ తాగి, సంచులు పట్టుకుని వెళ్లిపోతారు. ఆ మధ్యలో నడిచిన దారి పొడవునా కమాన్ల మీద, మస్జిద్ గోడల మీద, దుకాణాల బోర్డుల మీద నాలుగు వందల ఏళ్ల పనితనం ఉంది. తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

వీధి కళ అనగానే ఇప్పటి పిల్లలకు గుర్తొచ్చేది ఎం.ఎస్. మక్తా. రాజ్‌భవన్ దగ్గరి ఆ బస్తీలో 2016లో చిత్రకారులు వచ్చి ఇళ్ల గోడలకు పెద్ద పెద్ద రంగుల బొమ్మలు వేశారు. బాగున్నాయి. కానీ దారిన పోయే ప్రతివాడికీ కనబడేలా గోడ మీద కళను పెట్టడం హైదరాబాద్‌కు కొత్త కాదు. నగరం పుట్టిన రోజుల నుంచీ ఉన్నదే. తేడా ఏమిటంటే, అప్పటి కళలో బొమ్మ కంటే అక్షరానికే పెద్దపీట.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మన దాదాలు, నానాలు ఉర్దూ మీడియంలో చదివారు. మన పిల్లలు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఖురాన్ చూసి చదువుతారు, కానీ దుకాణం మీది ఉర్దూ బోర్డు ముందు ఆగిపోతారు. సొంత ఊరి గోడ మీద ఏం రాసుందో తెలియదు. తెలియనిది పోయినా తెలియదు. అందుకే ఈ నడక. గైడు అక్కర్లేదు. ఉర్దూ చదవడం రావాలనీ లేదు.

నడక ఒక్క చూపులో

మొదలు చార్మినార్, చివర ఛత్తా బజార్. దారి మొత్తం దాదాపు ఉత్తరం వైపే. వరుస ఇదీ:

1. చార్మినార్
2. గుల్జార్ హౌజ్, చార్ కమాన్
3. జామా మస్జిద్
4. పథర్‌గట్టీ బోర్డులు
5. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా
6. ఛత్తా బజార్

అంతా కలిపి కిలోమీటరున్నరకు అటూ ఇటూ. గబగబా నడిస్తే అరగంట పని. చూసుకుంటూ, పిల్లలకు చెప్పుకుంటూ వెళ్తే రెండున్నర, మూడు గంటలు పెట్టుకోండి.

బయల్దేరే ముందు: నాలుగు రకాల రాత

దారిలో కనబడే రాత అంతా ఒక్కలా ఉండదు. నాలుగు రకాలు గుర్తుపడితే చాలు, సగం నడక అయినట్టే.

నస్ఖ్: పిల్లలకు తెలిసిన రాత ఇదే. అచ్చు ఖురాన్‌లలో ఎక్కువగా ఉండేది. అక్షరాలు ఒక గీత మీద నిలబడినట్టు, విడివిడిగా, తేటగా ఉంటాయి.

సులుస్: మస్జిద్‌ల కమాన్ల మీద, రాతి పలకల మీద కనబడేది. నిలువు గీతలు బాగా పొడవు. పదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి. చూడ్డానికి బల్లేల వరుసలా ఉంటే అది సులుస్ అనుకోవచ్చు.

నస్తాలీఖ్: ఉర్దూ, ఫార్సీ రాసేది ఇందులోనే. ప్రతి పదం కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. దండెం మీద ఆరేసిన బట్టలు గాలికి ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది.

తుగ్రా: అక్షరాలను పెనవేసి ఒక ఆకారం చేస్తారు. అది చదవడానికి కాదు, ముందు చూడ్డానికి. చదవడం వచ్చిన పెద్దలకూ ఇది ఓ పట్టాన అంతుపట్టదు, కాబట్టి పిల్లలు చిన్నబోనక్కర్లేదు.

ఇంకొక్క చిట్కా. ఈ రాతలన్నిటికీ కొలబద్ద చుక్క. దాన్ని నుఖ్తా అంటారు. రెల్లు కలం మొనను కాగితం మీద ఒక్కసారి ఆనించి లాగితే పడే చిన్న చతురస్రమే నుఖ్తా. అలిఫ్ అనే నిలువు గీత నస్తాలీఖ్‌లో మామూలుగా మూడు చుక్కల ఎత్తు, నస్ఖ్‌లో అయిదు, సులుస్‌లో ఏడు. గోడ మీది అక్షరం అంత ఎత్తుగా ఎందుకుందో, బోర్డు మీది అక్షరం పొట్టిగా ఎందుకుందో ఈ లెక్కతో తెలిసిపోతుంది.

ముందుగా వెతకాల్సిన పదం అల్లాహ్. కుడివైపు విడిగా ఒక నిలువు గీత, దాని పక్కన కలిసి ఉన్న రెండు నిలువు గీతలు, చివర చిన్న గుండ్రం. ఏ రాతలోనైనా ఈ ఆకారం దొరుకుతుంది. ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం అంటే పిల్లలే మిమ్మల్ని లాక్కెళ్తారు.

1. చార్మినార్: డంగు సున్నం పనితనం

గోల్కొండ అయిదో సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో దీన్ని కట్టించాడు. హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం. ఆయన తండ్రి ఇబ్రహీం కులీని తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. ఆయన కొలువులో తెలుగు కవులకు ఆదరణ ఉండేది. ముహమ్మద్ కులీ తానే దక్కనీ ఉర్దూలో కవి. అంటే ఈ నగరం మొదటి రాయి పడేనాటికే మన రెండు భాషలూ ఇక్కడ ఉన్నాయి.

ఇక్కడ రాత కంటే గచ్చు పని ఎక్కువ. లోపల రాయి, సున్నం. పైన కనబడే పూలు, రేకులు, జాలీలు చాలామటుకు డంగు సున్నంతో తీర్చినవి. సున్నాన్ని గానుగలో బాగా నూరి, బెల్లం, కరక్కాయ నీళ్ల వంటివి కలిపి, మెత్తని ముద్దగా చేసి, తడి ఆరేలోపే చేత్తో, చిన్న తాపీతో పువ్వు చెక్కేవాళ్లు. ఆరాక మార్చడానికి లేదు.

ఏం చూడాలంటే:

ఒక్కో మినార్ అడుగున రేకులు విచ్చుకున్నట్టు ఉంటుంది. మొక్క మొదట్లోంచి కాడ లేచినట్టు మినార్ ఆ రేకుల్లోంచి లేస్తుంది.

పెద్ద కమాను రెండు భుజాల మీద గుండ్రటి పూల బిళ్లలు ఉంటాయి. కుతుబ్ షాహీ కట్టడాలకు అదొక ముద్ర. ఇకముందు దారిలో ఎక్కడ ఈ బిళ్ల కనబడినా ఆగండి.

తూర్పు వైపు కమాను మీద చిన్న పిల్లి తల ఉందని పాతబస్తీ వాళ్లు చూపిస్తారు. ప్లేగు తెచ్చే ఎలుకలను తరమడానికి పెట్టారని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ బొమ్మను వెతకడం పిల్లలకు మంచి ఆట.

నాలుగు వైపులా ఉన్న గడియారాలు అప్పటివి కావు. 1889లో పెట్టారు.

పైకి వెళ్లాలంటే 149 మెట్లు. ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కిందే కూర్చోబెట్టడం మంచిది. పై అంతస్తులో పడమటి వైపు మస్జిద్ ఉంది.

2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు అలంకారపు ముక్క ఊడి కింద పడింది. తర్వాత బాగుచేశారు. నాలుగు వందల ఏళ్ల సున్నానికి వాన, వాహనాల పొగ, అదురు అన్నీ శత్రువులే. వాహనాలను చార్మినార్‌కు దూరంగా ఆపి, చుట్టూ నడక దారి చేయడం వెనుక ఒక కారణం ఇదే.

2. గుల్జార్ హౌజ్, చార్ కమాన్

చార్మినార్‌కు వీపు పెట్టి ఉత్తరంగా నడవండి. ముందు ఒక పెద్ద కమాను కింద నుంచి వెళ్తారు. అది దాటగానే రోడ్డు మధ్యలో గుండ్రటి నీటి తొట్టి కనబడుతుంది. అదే గుల్జార్ హౌజ్. దాని దగ్గర నిలబడి ఒక చుట్టు తిరిగితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. చార్మినార్ కట్టిన వెంటనే, 1592 ప్రాంతంలో కట్టారు.

దక్షిణాన మీరు దాటొచ్చింది చార్మినార్ కమాన్. ఉత్తరాన మచ్లీ కమాన్. చేప శుభానికి, నిండుదనానికి గుర్తు. తూర్పున కాలీ కమాన్. రాజుగారి నగారాలు మోగిన నక్కార్‌ఖానా ఇదే. పడమట సెహర్-ఎ-బాతిల్ కమాన్, అంటే మంత్రాన్ని వమ్ము చేసేది అని అర్థం. ఒకప్పుడు రాజమహళ్లకు వెళ్లే ద్వారం ఇది. లోపలికి చేతబడి వంటివేవీ పోకుండా ఇక్కడ ఆయతులు రాసిన స్తంభం ఉండేదని చెబుతారు. జనం నోట్లో ఈ పేరు నలిగి రకరకాలుగా మారింది. ఆ వైపు వీధికి మిట్టీ కా షేర్ అని పేరు.

మహళ్లు ఇప్పుడు లేవు. ద్వారాలు మాత్రం మిగిలాయి. వాటి కింద నుంచే ఆటోలు, బండ్లు, ముత్యాల దుకాణాలకు వచ్చేవాళ్లు పోతుంటారు. కమాను కాళ్లకు ఆనుకుని దుకాణాలు, దాని భుజాల మీదుగా కరెంటు వైర్లు, బోర్డులు. పూల బిళ్లలు ఉన్నాయో లేదో చూడాలంటే వైర్ల మధ్య నుంచి వెతకాలి. ఒక్కో కమాన్‌కు రెండు వైపులా చూసి, ఏ వైపు అలంకారం బాగా మిగిలిందో పిల్లలతో లెక్క రాయించండి. పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

3. జామా మస్జిద్: రాయి మీద రాత

చార్మినార్‌కు ఈశాన్యంగా, కమాన్ల దగ్గరి బజారు మధ్యలో ఉంటుంది. బయటి నుంచి సులభంగా కనబడదు, జామా మస్జిద్ ఎక్కడని ఒక దుకాణదారుణ్ణి అడగండి. ఇదీ ముహమ్మద్ కులీ కాలానిదే. హిజ్రీ 1006, అంటే 1597. నగరంలోని అతి పాత మస్జిద్‌లలో ఒకటి. మక్కా మస్జిద్ పని 1617లో మొదలై 1694లో పూర్తయింది. దానికంటే ఇది ముందుది.

ఇక్కడి రాతి పలకల మీద చెక్కిన రాతను చూడండి. కాగితం మీద కలం ఎటు తిప్పితే గీత ఎక్కడ లావవుతుందో, ఎక్కడ సన్నబడుతుందో, రాయి మీద కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. ముందు ఖత్తాత్, అంటే అందంగా రాసే పనివాడు, కాగితం మీద రాసిస్తాడు. ఆ రాతను పలక మీదికి దింపుతారు. తర్వాత రాతి పనివాడు అక్షరం ఉబ్బెత్తుగా నిలిచేలా చుట్టూ తొలుస్తాడు. ఇద్దరిలో ఎవరి చేయి తప్పినా పలక పోయినట్టే.

ఖురాన్ చదవడం వచ్చిన పిల్లవాడిని ఇక్కడ నిలబెట్టి, నీకు తెలిసిన ఒక్క పదం పట్టుకో అనండి. ఒకటి దొరికితే దాని పక్కది దొరుకుతుంది. ఇంట్లో నస్ఖ్‌లో చదివిన ఆయతే ఇక్కడ సులుస్‌లో పైకెక్కి కూర్చుందని తెలిసిన క్షణాన వాడి ముఖం చూడండి. అక్షరాలు కొత్తవి కావు, నిలబడిన తీరే కొత్తది.

4. పథర్‌గట్టీ: బోర్డులు చెప్పే కథ

మచ్లీ కమాన్ దాటి మదీనా వైపు నడిచే రోడ్డే పథర్‌గట్టీ. పేరులోనే పథర్, రాయి ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో నగరాన్ని తిరిగి తీర్చడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పథర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ పనుల్లో భాగమే. కింద దుకాణాలు, ముందు నీడనిచ్చే రాతి కమాన్ల వరండా, పైన మేడలు.

కమాన్ల వరుసను ఎదుటి ఫుట్‌పాత్ మీద నుంచి చూస్తేనే మొత్తం తెలుస్తుంది. తర్వాత బోర్డులు చదవండి. ఒకే బోర్డు మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉండటం ఇక్కడ మామూలు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయ్యింది. కానీ పాతబస్తీ బోర్డులు చట్టం కోసం ఎదురుచూడలేదు.

రెండు రకాల బోర్డులు విడదీసి చూడండి. ఒకటి చేత్తో రాసినవి. రేకు మీద, చెక్క మీద, గోడ మీద కుంచెతో పెయింట్ చేసినవి. వీటిలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఉన్న చోటును బట్టి ఒక అక్షరాన్ని సాగదీస్తారు, ఒకదాన్ని ముడుస్తారు. రెండోది ఫ్లెక్సీలు, కంప్యూటర్ అక్షరాలు. వీటిలో అన్నీ ఒకే అచ్చు.

ఈ మార్పు ఉర్దూ ఒక్కదానికే రాలేదు. మన ఊళ్లలో తెలుగు బోర్డులు రాసిన పెయింటర్లు ఏమయ్యారో గుర్తు చేసుకోండి. సినిమా హాలు గోడలు, కిరాణా కొట్టు పేర్లు, లారీల వెనక రాతలు అన్నీ వాళ్ల చేతి పనే. ఫ్లెక్సీ వచ్చాక కుంచె పక్కన పడింది. పథర్‌గట్టీలో నడుస్తుంటే ఒకే కథ రెండు లిపుల్లో కనబడుతుంది.

5. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా: నాలుగు శతాబ్దాల రంగు

పథర్‌గట్టీ, మదీనా మధ్యలో దారి అడిగితే చెబుతారు. ముహమ్మద్ కులీయే 1590ల్లో కట్టించాడు. లోపలి గోడల మీది రంగు పెంకుల పని 1611లో పూర్తయింది. ఈ నడకలో మిగతావన్నీ వీధిలోంచే చూడొచ్చు. ఇది మాత్రం ఆవరణ లోపలికి వెళ్లి చూడాల్సింది. వెళ్లకపోతే నడక సగమే.

గోడ మీద ఎత్తుగా నిలిచిన ఆకారాలు అలంలు. తెలుగు పల్లెల్లో పెరిగిన వాళ్లకు వీటి గురించి వివరంగా చెప్పక్కర్లేదు. పీర్ల పండుగ రోజుల్లో పీర్ల చావిడిలో నిలబెట్టే పీర్లు ఇవే. ముహర్రంలో ఊరు ఊరంతా, ముస్లింలు కాని వాళ్లు కూడా, వాటి ముందు నిలబడటం మనం చూసిందే. ఆ ఆచారాల మీద మనలో ఎవరి అభిప్రాయం వారిదే. ఇక్కడ చూస్తున్నది పనితనం.

దగ్గరికి వెళ్లి చూస్తే ఆ అలంలు కుంచెతో వేసినవి కావని తెలుస్తుంది. రంగు వేసి కాల్చిన పెంకులను కావలసిన ఆకారంలో చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగారు. ఈ పద్ధతి ఇరాన్ నుంచి వచ్చింది. రంగులు మాత్రం చూడండి. ఇరాన్ మస్జిద్‌లంటే నీలమే గుర్తొస్తుంది. ఇక్కడ నీలంతోపాటు ఆవపిండి పసుపు, గోధుమ రంగు, ఆకుపచ్చ గట్టిగా పలుకుతాయి. పని నేర్చింది అక్కడ, రంగు పట్టింది దక్కన్‌లో. అలం ఆకారం లోపల పవిత్ర నామాలు అల్లుకుని ఉంటాయి. ఆరు పలకల ముక్కలతో అల్లిన పలకలు రత్నాలు పొదిగినట్టు మెరుస్తాయి.

ఇప్పుడు చూపు కిందికి దించండి. గోడ కింది భాగంలో కొన్నిచోట్ల పెంకులు ఆగిపోయి, వాటిని అనుకరిస్తూ వేసిన రంగు మొదలవుతుంది. 1908 వరద నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. పాడైపోయిన చోట పెంకులకు బదులు పెయింట్ వేశారు. మూసీ ఎంత ఎత్తున నిలిచిందో వేరే గుర్తు అక్కర్లేదు, ఈ గోడే చూపిస్తుంది. పైన 1611 పెంకు మెరుస్తూనే ఉంది. దానికి మూడు వందల ఏళ్ల తర్వాత వేసిన రంగు వెలిసిపోయింది.

ఈ కట్టడం పడిన కష్టం అదొక్కటే కాదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి వచ్చాక దీన్ని బండ్లఖానాగా వాడారు. తర్వాత నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్లీ బాగుచేసి, ముందు వైపు ఎత్తైన చెక్క స్తంభాల హాలు కట్టారు. అంటే ఒకసారి పాడుబడినా తిరిగి నిలబెట్టొచ్చు. ఎవరో ఒకరు పట్టించుకోవాలి, అంతే.

6. ఛత్తా బజార్: బతికున్న చేయి

ఇప్పటిదాకా చూసినవన్నీ చేసినవాళ్లు పోయాక మిగిలినవి. ఛత్తా బజార్‌లో చేసేవాళ్లను చూడొచ్చు. పథర్‌గట్టీ రోడ్డుకు తూర్పు వైపు, పురానీ హవేలీ వెళ్లే దారిలో ఉంటుంది. గల్లీ పొడవునా ప్రింటింగ్ ప్రెస్సులు, షాదీ రుఖాల దుకాణాలు.

ఇక్కడ ఇంతమంది ఖత్తాత్‌లు, కాతిబ్‌లు ఎందుకు చేరారో తెలియాలంటే నస్తాలీఖ్ స్వభావం తెలియాలి. ఇంగ్లిష్, తెలుగు అక్షరాలను సీసంతో పోసి, వరుసగా పేర్చి అచ్చు వేయొచ్చు. నస్తాలీఖ్‌లో పదం ఏటవాలుగా జారుతుంది. పక్క అక్షరం ఏదన్నదాన్ని బట్టి అక్షరం ఆకారం, ఎత్తు రెండూ మారతాయి. దాన్ని సీసపు దిమ్మల్లో ఇమిడ్చితే అందం పోతుంది, పని పెరుగుతుంది. అందుకని ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పేజీ మొత్తం కాతిబ్ చేత రాయించి, ఆ రాతనే అచ్చు వేసేవి. ప్రతి ఉర్దూ పత్రిక ఆఫీసులో చాప మీద వరుసగా కాతిబ్‌లు కూర్చునేవారు. ఒక పేజీ అంటే కొన్ని గంటల కూలి.

1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి. మీర్జా అహ్మద్ జమీల్ వేల సంఖ్యలో పదాల ముక్కలను చేత్తో రాసి వాటిని తయారు చేశారు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక మామూలు డీటీపీ సెంటర్లో కూడా ఉర్దూ కొట్టడం మొదలైంది. పత్రికల కాతిబ్‌లకు పని పోయింది. చెన్నైలో 1927లో మొదలైన ది ముసల్మాన్ లాంటి ఒకటీ అరా పత్రికే చేతిరాతను పట్టుకుని నిలిచింది. మిగిలినవాళ్లకు దిక్కయ్యింది రుఖాలు, బోర్డులు, మస్జిద్‌ల గోడ రాతలు, ఇంట్లో పెట్టుకునే ఫ్రేములు.

ఇంకో మాట మర్చిపోకూడదు. కంప్యూటర్లోని అందమైన నస్తాలీఖ్ కూడా ఒక ఖత్తాత్ చేతి నుంచి వచ్చిందే. చేయి రాయడం మానేస్తే కొత్త అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఛత్తా బజార్‌లో ఇప్పుడు ఎక్కువ పని కంప్యూటర్ మీదే. చేత్తో రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. దుకాణాల్లో అడిగితే చూపిస్తారు. మర్యాదగా సలాం చెప్పి, పనిలో ఉంటే కాసేపు ఆగి, పిల్లవాడి పేరు రాసివ్వమని అడగండి. ఎంతిమ్మంటారో ముందే అడగండి, బేరం ఆడకండి. రాస్తున్నప్పుడు కలం మొన ఏటవాలుగా కోసి ఉండటం, ముందు చుక్కతో కొలుచుకోవడం, గీత లాగేటప్పుడు చేయి అసలు వణకకపోవడం పిల్లలకు చూపించండి. పొద్దున్నుంచి గోడల మీద చూసినదంతా అప్పుడు అర్థమవుతుంది.

మనం చేయగలిగినవి

రుఖా చేత్తో రాయించండి. రుఖా మొత్తం కాకపోయినా బిస్మిల్లాహ్, దూల్హా దుల్హన్ పేర్లు చాలు. ఆ రాతనే అచ్చు వేయిస్తారు. ఒక్క షాదీ ఖర్చులో అది లెక్కలోకి రాదు, రాసేవారికి మాత్రం అదే బతుకు.

రుఖా తెలుగులోనూ వేయిస్తుంటే రెండు లిపులూ పక్కపక్కన పెట్టించండి. అవతలి ఇంటివాళ్లు ఉర్దూ చదవలేకపోతే పేరు కింద తెలుగు ఉంటుంది, పైన ఆ రాత అందమూ ఉంటుంది.

ఊళ్లోని మస్జిద్‌కు సున్నం, రంగులు వేయించేటప్పుడు పాత రాతి పలక మీద పెయింట్ కొట్టనివ్వకండి. చెక్కిన గాళ్లలో పెయింట్ నిండితే అక్షరం మూసుకుపోతుంది. అదే తప్పు పల్లెల్లో చాలా జరుగుతోంది. రంగులు మొదలుపెట్టే ముందు పలకను ఫోటో తీసి పెట్టుకోండి.

పాత గోడల మీద చేయి వేయకండి, పేర్లు గీయనివ్వకండి, పోస్టర్ అంటించనివ్వకండి. గచ్చు పువ్వును వేలితో గోకినా పొడి రాలుతుంది.

ఎప్పుడు, ఎలా

ఉదయం తొమ్మిదికల్లా చార్మినార్ దగ్గర ఉంటే రద్దీ తక్కువ. దుకాణాలు చాలావరకు పదకొండు దాటాకే తెరుస్తారు. అప్పటికి మీరు ఛత్తా బజార్ చేరతారు, లెక్క సరిపోతుంది. లాడ్ బజార్ చూడాలనుకుంటే దాన్ని చివరికి పెట్టుకోండి. అక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది.

జుమా రోజు మధ్యాహ్నం, రంజాన్ సాయంత్రాలు ఈ దారిలో నిలబడి చూడటం కుదరదు. ముహర్రం రోజుల్లో ఆషూర్‌ఖానా జనంతో నిండి ఉంటుంది, అప్పుడు అది చూసే చోటు కాదు, వాళ్ల దుఃఖపు చోటు. వేరే రోజు వెళ్లండి. చెప్పులు బయట విడవండి, తల కప్పుకోండి, ఫోటోకు ముందు అనుమతి అడగండి.

మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కొచ్చు. జుహర్ వేళ అయితే దారిలోనే మస్జిద్‌లు ఉన్నాయి. ఆడవాళ్లకు నమాజ్ చోటు ఉందో లేదో అక్కడే అడిగి తెలుసుకోండి. పిల్లలకు ఓపిక మిగిలితే ఛత్తా బజార్ నుంచి సాలార్ జంగ్ మ్యూజియం దగ్గరే. అక్కడ చేతిరాత ఖురాన్ ప్రతులు చూడొచ్చు. శుక్రవారం మూసి ఉంటుంది.

ఇంటికెళ్లాక ఆ రోజు రాయించిన పేరును ఫ్రేము కట్టి గోడకు పెట్టండి. పక్కన పిల్లవాడి చేత అదే పేరు తెలుగులో రాయించి పెట్టండి. రేపు ఇంటికొచ్చిన చుట్టాలు అదేమిటని అడిగితే, ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తో వాడే చెబుతాడు.